చెట్టు వెనక షాపు

జూన్ 3, సోమవారం

పరుపుల కంపెనీవాళ్ళు ఏటా ఉత్తినే ఇచ్చే డైరీ ఇది. ఏటా పాత పేపర్లలో కలిసిపోయేది. ఈసారి ఎందుకో అట్టేపెట్టాను. ఇవాళ రాయాలనిపించింది. మనుషులతో అంటే "మీరు మరీనండీ" అంటారు. కాగితం ఏమీ అనదు.

సంగతి ఏమిటంటే, మా వీధి మొదట్లో ఇవాళ పెద్ద హోర్డింగు బొమ్మ నిలబెట్టారు. రెండంతస్తుల ఎత్తుంటుంది. 'పాత బజారుకు కొత్త కళ' అని పైన రాశారు. పనులన్నీ అయిపోయాక మా వీధి ఎలా ఉంటుందో అందులో వేశారు. బైపాస్ దగ్గర మాల్ వచ్చినప్పటి నుంచి మా వీధిలో సగం షట్టర్లు దించే ఉంటున్నాయి. బొమ్మలో ఒక్క షట్టరూ దించి లేదు. నేలంతా రాతిపలకలు, అటూ ఇటూ చెట్లు, వంపు తిరిగిన దీపస్తంభాలు, కూర్చోవడానికి బల్లలు. మనుషులు కూడా ఉన్నారు. అందరూ పొడుగ్గా, సన్నగా, నవ్వుతూ నడుస్తున్నారు. ఒక్కరికీ పొట్ట లేదు. ఒక పిల్ల చేతిలో ఎర్ర బుడగ, ఒకాయన వెంట తెల్ల కుక్క.

వీధి వీధంతా వ్యాపారం మానేసి దాని ముందు నిలబడ్డాం. పెళ్ళి ఫొటోలో ఎవరి మొహం వాళ్ళు వెతుక్కున్నట్టు ఎవరి షాపు వాళ్ళు వెతుక్కున్నాం. తాళాలాయన మా వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఆయన షాపు వెంటనే దొరికింది, గుమ్మం మీద వేలాడే పెద్ద తాళంతో సహా వేశారు. కళ్ళద్దాలావిడ షాపు దొరికింది. గొడుగులతని షాపు దొరికింది. నా పరుపుల షాపు ఆ రెండిటి మధ్యది. బొమ్మలో ఆ రెండిటి మధ్య చెట్టుంది. మంచి గుబురు చెట్టు.

"నీ షాపు చెట్టు వెనక పడిందోయ్" అన్నాడు తాళాలాయన.

అవును, చెట్టు వెనక పడింది. బొమ్మ వేసేవాడికి ప్రతి షాపూ కనపడేలా వెయ్యాలని ఏముంది?

జూన్ 5, బుధవారం

మా ఆవిడ వెళ్ళి బొమ్మ చూసొచ్చింది. చిన్నపిల్లలా సంబరపడిపోయింది. ముందు వైపు షట్టరు తీసేసి అద్దం పెట్టిద్దామట. అద్దంలో మంచం వేసి, దాని మీద తను కుట్టిన దిండు గలీబులు పేరుద్దామట. నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తారట.

"ముందు చెట్టుంది కదా, అద్దం ఎవరికి కనపడుతుంది?" అన్నాను.

"మంచిదేనండీ, నీడ పడుతుంది. పరుపుల రంగు వెలిసిపోదు" అంది.

నాకు తట్టనే లేదు ఆ సంగతి. నిజమే, పడమటి ఎండకు ముందు వరస పరుపులు ఏటా వెలుస్తున్నాయి. చెట్టు అక్కడ వెయ్యడంలో ఏదో ఆలోచన ఉండే ఉంటుంది.

జూన్ 9, ఆదివారం

చెల్లి భోజనానికి వచ్చింది. ఈ 'కొత్త కళ' ఆఫీసులోనే ఇంజనీరు అది. నాన్న పోయేటప్పటికి ఇంకా బళ్ళో ఉంది. సాయంత్రాలు షాపుకొచ్చి, వెనక వరసలో పరుపు మీద బోర్లా పడుకుని పరీక్షలకు చదివేది. కొనేవాళ్ళు వచ్చి నిద్రపోతున్న పిల్లను చూసి "ఇదే కావాలి, ఈ పరుపే" అనేవాళ్ళు. దానివల్ల ఎన్ని అమ్ముడుపోయాయో.

ఆఫీసు సంగతులు ఇంట్లో అడగకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. అన్నయ్యది వీధిలో షాపు, చెల్లిది ఆ వీధిని మార్చే ఆఫీసు. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. కాబట్టి నేను అడగలేదు. మా ఆవిడకు నియమాలేమీ లేవు.

"మన షాపు ముందర ఏం చెట్టు వేస్తున్నారే?"

"ఇంకా ఏమీ అనుకోలేదు వదినా."

"కాయలు రాలేది వద్దని చెప్పు. గుమ్మమంతా పాడవుతుంది. పూలది చూడమను."

చెల్లి కంచంలోకి చూస్తూ "అలాగే వదినా" అంది. సగం వదిలేసి లేచింది. తలనొప్పిగా ఉందని తొందరగా వెళ్ళిపోయింది. ఆ ఆఫీసులో పని ఎక్కువ చేయిస్తున్నారు దాని చేత. నాలుగు రోజులు సెలవు పెట్టమని చెప్పాలి.

జూన్ 11, మంగళవారం

మొదట్లో వీధంతా కొలిచి వెళ్ళిన ఆఫీసు కొలతలవాళ్ళు మళ్ళీ వచ్చారు. నా షాపు పొడవు, వెడల్పు, వెనక గోడ అన్నీ మళ్ళీ కొలిచారు. అటు కళ్ళద్దాలావిడ దగ్గరకూ పోలేదు, ఇటు గొడుగులతని దగ్గరకూ పోలేదు. పోయినసారి టేపు సరిగ్గా లేదేమో.

జూన్ 13, గురువారం

దూది బేళ్ళు ఎందుకు తెప్పించలేదని మా ఆవిడ అడిగింది. వానలు మొదలవుతున్నాయి, చెమ్మకు దూది గడ్డకడుతుంది, తర్వాత చూద్దామన్నాను.

"ఏటా వానలొస్తున్నాయి కదండీ" అంది.

ఏటా వస్తున్నాయి. అయినా ఈ ఏడు ఎక్కువంటున్నారు.

జూన్ 17, సోమవారం

అభ్యంతరాలున్నవాళ్ళు వచ్చే సోమవారం ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చని నోటీసు అంటించారు. ఆ ఒక్కరోజే అట. ఆ తర్వాత చెబితే వినరట. తాళాలాయన షాపులో సంఘం సమావేశం పెట్టాడు. అందరం బొమ్మను ఫోన్లలో ఫొటో తీసుకుని మరీ వెళ్ళాం. వేళ్ళతో పెద్దది చేసుకుని, చిన్నది చేసుకుని చూశాం.

ఒక్కొక్కరికీ ఒక్కో అభ్యంతరం. తాళాలాయనకు ఆ కుక్క నచ్చలేదు. నన్నూ అడిగారు. నాకేమీ లేదన్నాను.

"నీ షాపే కనపడ్డం లేదు, నీకేమీ లేదంటావేంటోయ్!" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 20, గురువారం

నిద్ర పట్టడం లేదు. పరుపులమ్మేవాడికి నిద్ర పట్టకపోవడం ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు.

జూన్ 24, సోమవారం

ఆఫీసు మేడ మీద హాల్లో కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. మధ్యలో పెద్దాఫీసరు, ఇటూ అటూ చిన్నవాళ్ళు, బల్ల చివర కంప్యూటర్ ముందు చెల్లి. చెప్పినవన్నీ అదే రాసుకుంటోంది. నన్ను చూసి చూడనట్టు తల వంచుకుంది. ఆఫీసులో అలాగే ఉండాలి, తప్పేం లేదు.

తాళాలాయన మొదలుపెట్టాడు. "సార్, ఆ బొమ్మలో కుక్క సరిగ్గా నా గుమ్మం ముందే ఆగి ఉంది. రోజూ అక్కడే ఆగడం అలవాటు చేసుకుంటే నా గుమ్మం గతేంటి?"

"అది ఉత్త బొమ్మండీ" అన్నాడు పెద్దాఫీసరు.

"బొమ్మే కదా అని ఇవాళ ఊరుకుంటే, రేపు కుక్కలకు చోటిచ్చారంటారు. తీసేయించండి."

అందరం తల ఊపాం. పెద్దాఫీసరు చెల్లి వైపు తిరిగి "కుక్కను తీసేయమని రాయండమ్మా" అన్నాడు. దాంతో మాకు ఉత్సాహం వచ్చింది. అడిగింది ఇచ్చే ఆఫీసును మేమెప్పుడూ చూడలేదు. గొడుగులతను లేచి, "మా వీధిలో ఎప్పుడూ ఎండే కాస్తున్నట్టు వేశారు, ఇంక గొడుగులెవరు కొంటారు సార్, కాస్త మబ్బన్నా వెయ్యండి" అన్నాడు. మబ్బు ఇచ్చారు. కళ్ళద్దాలావిడ లేచి, అంతమంది జనంలో ఒక్కరికీ కళ్ళజోడు లేదు, ఇదేం న్యాయమంది. కళ్ళజోళ్ళు ఇచ్చారు. బల్ల తన షాపు వైపు తిరిగి ఉండాలని ఒకరు, దీపస్తంభం తన బోర్డుకు అడ్డమని ఒకరు. పూటంతా ఇదే. పెద్దాఫీసరు మొహంలో చిరునవ్వు చెరగలేదు. పాపం మంచివాడు.

ఆఖర్న నా పేరు పిలిచారు. ఏమీ లేదని చెప్పడానికే లేచాను. లేచాక నోట్లోంచి "సార్, నా షాపు..." అని వచ్చింది. చెల్లి టైపు చెయ్యడం ఆపేసింది. తలెత్తి నాకేసి చూసింది. చిన్నప్పుడు లెక్క తప్పు చేశానేమోనని నా మొహంలోకి చూసేది, అదే చూపు. నేను చూపు తిప్పేసుకున్నాను. ఎందుకో తెలియదు.

"ఆ చెట్టును కాస్త పక్కకు జరిపిస్తే నా బోర్డు కనపడుతుంది సార్" అన్నాను.

"అంతేనా? రాయండమ్మా" అన్నాడాయన.

చెల్లి వెంటనే రాయలేదు. ఆయన రెండోసారి అడిగాక, "రాస్తున్నాను సార్" అంది.

ఇంటికొచ్చి ఎలా జరిగిందని ఆవిడ అడిగితే, బ్రహ్మాండంగా జరిగిందని చెప్పాను. ఎందుకు చెట్టు మాట ఎత్తానో నాకే అంతుపట్టలేదు. నీడ మంచిదే కదా అని మేమే అనుకున్నాం.

జూన్ 25, మంగళవారం

చెల్లి ఫోన్ ఎత్తలేదు.

జూన్ 28, శుక్రవారం

చెల్లి ఫోన్ ఎత్తింది. మీటింగులో ఉన్నానంది.

జూలై 2, మంగళవారం

కొత్త బొమ్మ పెట్టారు.

కుక్క లేదు. మబ్బులొచ్చాయి. సగంమందికి కళ్ళజోళ్ళు పెట్టారు, బుడగ పట్టుకున్న పిల్లకు కూడా. బల్ల తిరిగింది. చెట్టు పక్కకు జరిగింది.

చెట్టు వెనక షాపు లేదు. కళ్ళద్దాలావిడ గోడకూ గొడుగులతని గోడకూ మధ్య దారి ఉంది. రాతిపలకల దారి. పైన బాణం గుర్తు వేసి 'పార్కింగ్' అని రాశారు. చేతిలో కారు తాళంచెవులతో భార్యాభర్తలిద్దరు ఆ దారిలోంచి నవ్వుతూ బయటికి వస్తున్నారు. ఇద్దరికీ కళ్ళజోళ్ళున్నాయి.

అందరూ నాకేసి చూశారు. ఎవరూ నవ్వలేదు. "అయ్యో, అది దారోయ్" అన్నాడు తాళాలాయన. మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని "ఏంటండీ ఇది, మన షాపేదండీ?" అంది. ఇంకో బొమ్మ వేస్తారులే, తప్పు పడిందేమో అన్నాను.

జూలై 3, బుధవారం

షాపు తెరిచాను. మూశాను.

జూలై 4, గురువారం

కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు, అదీ నా బాధ. పార్కింగ్ కావాలని ఎన్నేళ్ళుగా గోల చేశామో. ఆ ఆఫీసు ముందే అట్టలు పట్టుకుని నిలబడ్డాం. ముందు వరసలో నేనే. పరుపు కొన్నవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని పోలేడు, గుమ్మంలోకి బండి రావాలి, కాబట్టి నాకే అందరికంటే అవసరం. బండి పెట్టే చోటు లేకే జనం మాల్‌కు పోతున్నారని నేనే మైకులో అన్నాను. ఖాళీ గోడౌన్లున్నది సరిగ్గా నా షాపు వెనకే. వీధిలో పైన మేడ లేనిది నాదొక్కటే. ఆ ఇంజనీరు కుర్చీలో నన్ను కూర్చోబెట్టి దారి ఎక్కడ వెయ్యమంటే నేనూ నా షాపు మీదే గీత గీస్తాను.

ఇలా రాసుకుంటే వాళ్ళ తరఫు వకీలులా ఉంది. నా తరఫున ఎవరు రాస్తారు?

జూలై 5, శుక్రవారం

మధ్యాహ్నం చెల్లి షాపుకొచ్చింది. ఆఫీసు బ్యాగు అలాగే భుజాన ఉంది. వెనక వరసకు పోయి పరుపు మీద కూర్చుంది.

"చెట్టు నేనే పెట్టించాను అన్నయ్యా."

నాకు మొదట అర్థం కాలేదు. అది చెబుతూనే ఉంది. మొదట వేసిన బొమ్మలోనే దారి ఉందట, బాణం గుర్తుతో సహా. రేపు వీధిలో పెడతారనగా దాని కంటపడిందట. "నువ్వు నలుగురిలో నిలబడి చూస్తావు. వాళ్ళందరి ముందు, నీ షాపు లేదని. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అక్కడ బోసిగా ఉంది, గుబురు చెట్టొకటి పెట్టండని బొమ్మ వేసేవాళ్ళకు మెయిల్ కొట్టాను. ముందు నేను నీకు నెమ్మదిగా చెబుదామని."

"మరి చెప్పొచ్చు కదే."

"ఆ ఆదివారం చెబుదామనే వచ్చాను. వదినేమో పూల చెట్టు వెయ్యమంటుంది. ఇంకేం నోరొస్తుంది?"

నేను పక్కనున్న దిండు తీసి సర్దాను. అదే మళ్ళీ అందుకుంది. ఇప్పుడు దాని గొంతులో ఏడుపు కాదు, కోపం. "ఆ సోమవారం నువ్వు అడుగుతావనుకున్నాను. నా షాపు ఏమవుతుందని ఒక్క మాట అడిగుంటే అభ్యంతరమని రాసి పైకి పంపేదాన్ని. గొడుగుల షాపు అవతల మూసేసిన షాపులున్నాయి కదా, వాటిలోంచి దారి వస్తుందేమో చూడక తప్పేది కాదు వాళ్ళకు. నువ్వు లేచావు కూడా! లేచి చెట్టు జరపమన్నావు. అది నా చేత్తోనే రాయించావు."

"నువ్వు చెబుతావనుకున్నాను" అన్నాను.

"నువ్వు అడుగుతావనుకున్నాను."

ఎవరో కొనడానికి వచ్చి, మా మొహాలు చూసి మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. చెల్లి వెళ్ళేముందు, షాపు పోయినవాళ్ళకు కొత్త కట్టడంలో మేడ మీద గది ఇస్తారని, దానికి తను దరఖాస్తు పెడతానని చెప్పింది. పరుపులు మేడ మీద ఎవరు కొంటారే అన్నాను. దానికీ తెలుసు. తలూపి వెళ్ళిపోయింది.

ఇది ఆవిడతో చెప్పలేదు. చెబితే చెల్లిని జన్మలో గడప తొక్కనివ్వదు.

జూలై 9, మంగళవారం

తాళాలాయన వచ్చి కూర్చున్నాడు. మనిషి నోటిదురుసే కానీ నా కోసం మూడు రోజులుగా తిరుగుతున్నాడు. చెట్టు అడ్డం పెట్టి దారిని దాచారని పైకి రాశాడట. దాని మీద విచారణకు ఒకాయన వస్తున్నాడట.

"నువ్వు పెద్ద ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. దారి సంగతి నాకు తెలీదు, చెట్టు వల్ల కనపళ్ళేదు, అని ఒక్క ముక్క చెప్పు. దాచారని తేలిందా, అభ్యంతరాలు మళ్ళీ మొదటి నుంచీ వినాల్సిందే. అప్పుడు మనమంతా నీ షాపు కోసమే మాట్లాడతాం. కుక్కా వద్దు, మబ్బూ వద్దు."

నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు తిప్పుకుని, "మాకు ముందే తట్టాల్సింది. బొమ్మ చూసి పిచ్చెక్కిపోయాం" అన్నాడు.

"ఆ చెట్టు పెట్టించిందెవరో కూడా తేలుతుందా?"

"తేలకేం! తేల్చి వాడి ఉద్యోగం ఊడగొట్టిస్తాను."

టీ తెప్పించాను. తాగి వెళ్ళాడు.

జూలై 11, గురువారం

ఆవిడ ధైర్యం చెబుతోంది. "మీరేం భయపడకండి. తెలియదని చెప్పండి. ఉన్నమాటే కదా."

"ఉన్నమాటేలే" అన్నాను.

"ఏంటలా నీళ్ళు నములుతారు?"

గలీబులు కుట్టడం మానలేదు తను. అద్దం ఎలాగైనా పెట్టిస్తాననే నమ్మకం. మంచం మీద ఒకవైపంతా అవే. నీలం గుడ్డ మీద తెల్ల పూలు.

జూలై 14, ఆదివారం

చెల్లికి ఫోన్ చేశాను. విచారణ సంగతి దానికీ తెలుసు. నన్ను కాపాడమని అడుగుతుందేమోననుకున్నాను. అడిగితే ఒక దారి దొరికేది, ఆ సోమవారం షాపు గురించి అడగనందుకు మళ్ళీ కోప్పడితే ఇంకో దారి దొరికేది. "నీ షాపు అన్నయ్యా. ఏది మంచిదనిపిస్తే అదే చెప్పు. నా గురించి చూడకు" అంది. చూడకంటే చూడకుండా ఉంటామా?

నిజం చెబితే చెల్లి పోతుంది. అబద్ధం చెబితే షాపు పోతుంది. పొద్దున్నుంచి ఇదే అనుకుంటూ తిరిగాను. మధ్యాహ్నం దిండ్లు సర్దుతుంటే ఉన్నట్టుండి ఇంకో అనుమానం వచ్చింది. ఏది నిజం? నాకు తెలియదనేది నిజమేనా?

తెలియదు. తెలిస్తే ఊరుకుంటానా? ఎవడైనా ఊరుకుంటాడా?

జూలై 15, సోమవారం

తెలియదనే చెబుతాను. మెయిల్ సంగతి వాళ్ళకు దొరక్కపోవచ్చు. చెల్లి తెలివైనది, ఏదో ఒకటి చెప్పుకుంటుంది. నేను బయటపెట్టేదేమీ లేదు, నా సంగతి నేను చెప్పుకోవడమే.

జూలై 16, మంగళవారం

అదే హాలు. ఈసారి టీ ఇవ్వలేదు. విచారణకు వచ్చినాయన నెమ్మదైన మనిషి. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా తొందరపెట్టకుండా కూర్చుంటాడు. వెనక బల్లల్లో మా వీధంతా ఉంది, మా ఆవిడ కూడా వచ్చింది. ముందు వైపు పెద్దాఫీసరు పక్కన చెల్లి. దాని ముందు కంప్యూటర్ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మొదటి బొమ్మలో మీ షాపు ఉన్నచోట దారి వస్తుందన్న సంగతి చెట్టు వల్ల మీకు తెలియలేదని ఫిర్యాదు. నిజమేనా?"

తెలియలేదండి అనడానికి నోరు తెరిచాను. చెల్లి నాకేసి చూడటం లేదు, కిటికీలోకి చూస్తోంది. కాపాడాలనిపించిందా? అనిపించే ఉంటుంది. కానీ నోట్లోంచి వచ్చిన మాట అంతకంటే లోపలి నుంచి వచ్చింది.

"తెలుసండి."

వెనక బల్లలు కదిలిన చప్పుడు. "ఏంటోయ్!" అన్నాడు తాళాలాయన. ఆయన్ను ఊరుకోమన్నారు.

"ఎవరైనా చెప్పారా మీకు?"

"ఎవరూ చెప్పలేదండి. కొలతలవాళ్ళు రెండోసారి వచ్చి నా షాపొక్కటే కొలుచుకుని వెళ్ళారు. వెనక గోడ తట్టి చూసుకున్నారు. దాని వెనక గోడౌన్లున్నాయి. పార్కింగ్ కావాలన్నది మేమే. ఇంత తెలిశాక ఇంకేం తెలియాలండి?" చెబుతుంటే నాకే వింతగా ఉంది. ఎవరో పక్కన కూర్చుని చదివి వినిపిస్తున్నట్టు ఒక్కొక్కటే వస్తోంది. "ఆ చెట్టు లేకపోయినా నాకు తెలుసండి. చెట్టుంది కాబట్టి తెలియనట్టు ఉండగలిగాను."

ఆయన రాసుకోవడం ఆపాడు. "మరి అభ్యంతరాల రోజు మీరు లేచి నిలబడ్డారు. చెట్టు గురించి అడిగారు. షాపు గురించి ఎందుకు అడగలేదు?"

"అడిగితే అవునంటారని" అన్నాను.

ఆయన అదీ రాసుకుని, "సరే, కూర్చోండి" అన్నాడు. ఫిర్యాదు నిలవదని సాయంత్రానికే తెలిసింది. నా మాట మీదే కొట్టేశారు. తాళాలాయన మెట్లు దిగుతూ నా మొహం కూడా చూడలేదు. ఆయన తప్పు లేదు.

జూలై 17, బుధవారం

చెల్లి పొద్దున్నే షాపుకొచ్చింది. వస్తూనే నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "నా కోసం అబద్ధం చెప్పావు. నాన్న ఇచ్చిన షాపు నా కోసం పోగొట్టుకున్నావు."

అవునని అనేసి ఉండొచ్చు. ఊరికే పెద్దమనిషినైపోయేవాణ్ణి. కానీ జన్మంతా ఆ బరువు మోస్తుంది అది.

"అబద్ధం కాదే. నిజంగానే తెలుసు."

నమ్మలేదు. కొలతల సంగతి చెప్పాను, దూది బేళ్ళు తెప్పించకపోవడం చెప్పాను, నిద్ర పట్టకపోవడం చెప్పాను. వింటూ వింటూ మొహం ఎర్రబడింది. "తెలిసి ఊరుకున్నావా? నీకెలా చెప్పాలా అని నేను రోజూ చచ్చి బతుకుతుంటే, నీకు తెలిసి ఊరుకున్నావా?" అని భుజం మీద రెండు దెబ్బలు వేసింది, చిన్నప్పటిలాగే. తర్వాత వెళ్ళి మొహం కడుక్కొచ్చి, ఆకలేస్తోంది అంది. చాలా రోజుల తర్వాత దాని నోట ఆ మాట విన్నాను. ఇద్దరం పరుపు మీదే కూర్చుని తిన్నాం.

చెల్లి మిగిలింది. షాపు పోయింది. ఒకటి పోయి ఒకటి మిగిలితే మనసు కుదుటపడాలి. పడటం లేదు. ఏదో మర్చిపోయినట్టే ఉంది.

జూలై 18, గురువారం

నిన్నంతా మా ఆవిడ మాట్లాడలేదు. నా మీద అలిగిందనుకున్నాను, విచారణలో షాపు వదిలేసుకున్నందుకు. ఇవాళ సాయంత్రం ఇంటికి రాగానే, మంచం మీద గలీబులన్నీ ఒక మూటగా కట్టి కనిపించాయి. తను పక్కన కూర్చుంది.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి" అంది. "అక్కడ చెప్పింది నిజమేనా? మీకు ముందే తెలుసా?"

ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. లేదు, చెల్లి కోసం అబద్ధమాడానని చెట్టు సంగతంతా చెప్పేయొచ్చు. కోపం అటు తిరిగేది. మూట ముడి వైపు చూస్తూ నిలబడ్డాను. నేను చెప్పకపోవడమే జవాబని తనకు అర్థమైంది.

"అద్దం పెట్టిద్దామన్న రోజు తెలుసా?"

"కొలతలవాళ్ళు వచ్చింది ఆ తర్వాతండీ..." అని గొణిగాను. ఎన్నడూ తనను 'అండీ' అనలేదు.

"సరే, తర్వాతే. ఆ తర్వాత నేను కుట్టినవి ఎన్ని? పక్కన కూర్చుని చూశారు కదా. నీలం రంగు బాగుంటుందని మీరే అన్నారు. ఒక్కరోజన్నా, ఒద్దులే, ఆపు అనలేకపోయారా? చెల్లి ముందు చెబుతారు, ఎవరో ఆఫీసరుకు చెబుతారు, ఊరందరిలో చెబుతారు. నాకెందుకు చెప్పలేదు?"

అరవలేదు. అరిచినా బాగుండేది. మూట తీసి బీరువా పైన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

తనకు చెబితే అది నిజమైపోయేది, అందుకే చెప్పలేదు. ఇది ఇక్కడ రాయడం ఎంత తేలికో. నెలన్నరగా తనతో అనాల్సిన ప్రతి మాటా ఇక్కడే అంటూ వచ్చాను. కాగితం ఏమీ అనదని మురిసిపోయాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. వెళుతున్నాను.